విప్పి కట్టడం: ఒక పాత గ్రంథాలయం పని డైరీ

పని మొదలయ్యే ముందు

తీసేయాల్సిన గ్రంథాలయానికి పేరు ఒకటే అయినా, లోపల ఉన్నవి రెండు భవనాలు. ముందు భాగం బాగా పాతది: రాతి పునాది, డంగు సున్నంతో కట్టిన ఇటుక గోడలు, టేకు దూలాలు, వాసాలు, పైన పెంకులు. వెనక భాగం 1970ల తర్వాత చేర్చింది: సిమెంటు మాలుతో (ఇటుకల్ని అతికించే ముద్దతో) గోడలు, ఆర్‌సీసీ (ఊచలు వేసిన కాంక్రీటు) స్లాబ్, వరండాకు ఇనుప గర్డర్లు. ఈ వెనక భాగాన్ని పూడ్చిన నేల మీద కట్టారు. అది మెల్లగా కుంగుతూ ముందు భాగం గోడను కూడా తనతో లాగింది. పగులు దగ్గర కప్పు కారడం మొదలైంది. ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోలేదు. చివరికి లోపలికి జనాన్ని రానివ్వకూడదని తేల్చారు.

మామూలుగా కూల్చివేత అయ్యాకే సైట్ ఇంజనీరు వస్తుంది. ఖాళీ స్థలం చేతికొస్తుంది, మార్కింగ్ ఇచ్చి తవ్వకం మొదలుపెడతాం. అంతకుముందు అక్కడ ఏముండేదో అడిగే అవసరం రాదు. ఈసారి కూల్చివేత కూడా మా పనిలోనే ఉంది. పాత భవనంలోంచి వచ్చిన సామాను వీలైనంత ఎక్కువగా, వీలైనంత పెద్ద ముక్కలుగా కొత్త చదువుల గదిలో వాడాలన్నది షరతు.

'పెద్ద ముక్కలుగా' అన్నమాట పట్టుబట్టి రాయించాం. తలుపును తలుపుగా వాడితే కర్రతో పాటు దాని మీద పెట్టిన పనితనం కూడా నిలుస్తుంది. దాన్ని చీల్చి పలకలు చేస్తే కర్ర ఒక్కటే మిగులుతుంది. పొట్టు చేసి, జిగురు కలిపి బోర్డుగా నొక్కితే, ఆ తర్వాత దానికి పొయ్యి తప్ప వేరే దారి ఉండదు. రిపోర్టుల్లో మాత్రం ఈ మూడింటినీ ఒకే గడిలో వేసి 'పునర్వినియోగం' అని రాసేస్తారు.

అసలు పడగొట్టాలా అన్న ప్రశ్న మొదటి మీటింగ్‌లోనే వచ్చింది. రావాలి కూడా. 2021లో ఆర్కిటెక్టులకిచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న ఫ్రెంచి జంట ఆన్ లకటాన్, జాన్ ఫిలిప్ వసాల్ ఎప్పటినుంచో చెబుతున్నది ఇదే: ఉన్నదాన్ని పడగొట్టొద్దు, దానికి చేర్చండి, మార్చండి, వాడండి. మా స్ట్రక్చరల్ ఇంజనీరు నాలుగు చోట్ల గుంటలు తవ్వించి చూశారు. వెనక భాగం పునాది పనికిరాదు. ముందు భాగం రాతి పునాది మాత్రం ఎక్కడా కదల్లేదు. అందుకని ఆ పునాదినీ, దాని మీది రాతి అరుగునూ అలాగే ఉంచి, కొత్త గోడలు దాని మీదే లేపాలని నిర్ణయించారు. ఈ ప్రాజెక్టు మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ ఆదా అయ్యేది ఇక్కడే. ఫొటోలో కనపడదు కాబట్టి దీని గురించి ఎవరూ మాట్లాడరు.

ఇంకో ముఖ్యమైన సంగతి కాంట్రాక్టు. కూల్చివేత కాంట్రాక్టులన్నీ వేగం మీదే నడుస్తాయి. స్థలం ఎంత త్వరగా ఖాళీ చేస్తే కాంట్రాక్టరుకి అంత లాభం. ఆ లెక్కలో కూర్చుని ఇటుక ఇటుకా గీకేవాడు నష్టపోతాడు. అందుకని చెల్లింపు పద్ధతి మార్చాం. ఖాళీ చేసినందుకు కొంత, పనికొచ్చేలా తీసి పేర్చిన ప్రతి వస్తువుకీ విడిగా కొంత. ఈ ఒక్క మార్పు లేకపోతే మిగతా డైరీ రాసేదాన్ని కాదు.

జాబితా

యంత్రాలు రాకముందే గదిగదీ తిరిగి జాబితా రాశాం. ఏముంది, ఎంతుంది, దేనితో బిగించి ఉంది, ఎలా ఊడదీయాలి, తర్వాత ఎక్కడికి పోతుంది. మూడో గడి నింపడానికే ఎక్కువసేపు పట్టింది. మేకా, మరా, సున్నమా, సిమెంటా, వెల్డింగా, జిగురా? ప్లాస్టరింగ్ గీకితే తప్ప కొన్ని తెలియలేదు. ఆ గడి నిండాక మిగతా రెండూ దాదాపు వాటంతటవే నిండిపోయాయి. వస్తువు ఎంత మంచిదన్న దానికంటే పక్కదానితో ఎలా అతుక్కుంది అన్నదే దాని గతిని తేలుస్తోంది. ఇరవై ఏళ్ళ పాత బోర్డు షెల్ఫులు జిగురుతో, ఎయిర్ గన్ పిన్నులతో బిగించినవి, ఊడదీయబోతే తునకలయ్యాయి. వాటికంటే చాలా పాతవైన టేకు అల్మరాలు నాలుగు మరలు విప్పగానే పలకలుగా విడిపోయాయి.

మళ్ళీ వాడకంలోకి రానివ్వకూడనివి కొన్ని ఉంటాయి. షెడ్డు మీది ఆస్బెస్టాస్ రేకులు అలాంటివి. విరగ్గొట్టకుండా, తడిపి, బోల్టులు విప్పి, మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టి, లేబుల్ అంటించి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాం. రేకులు బాగానే ఉన్నాయి కదా, కొత్త షెడ్డుకి వేసుకుందామని అడిగినవాళ్ళు ఉన్నారు. వద్దన్నాం. పాత తలుపుల అడుగు పొరల్లో సీసం ఉన్న రంగు దొరికింది. దాన్ని మంట పెట్టి గీకితే సీసం గాల్లో కలుస్తుంది కాబట్టి తడి గీకుడు మాత్రమే. పాత ఫ్లష్ ట్యాంకులు పగలకుండా వచ్చాయి గానీ ఒక్కోసారికి వదిలే నీళ్ళు మరీ ఎక్కువ, అందుకని వాటిని వదిలేశాం. వైర్లు రాగి తుక్కులోకి పోయాయి.

ముందు భాగం

విప్పడం కట్టడానికి సరిగ్గా తలకిందుల వరస. చివర బిగించింది ముందు ఊడాలి. పెంకులు, వాటి కింది బద్దలు, వాసాలు, దూలాలు, ఆ తర్వాత గోడలు. ప్రతి దూలానికీ రేకు ముక్క మీద నంబరు కొట్టి మేకు దిగేశాం. సుద్దతో రాసినది ఒక్క వానకి పోతుంది.

దూలాల్ని కలిపిన తీరు చూసి మా వడ్రంగి మురిసిపోయాడు. ఒక చెక్క కొనను సన్నగా చెక్కి, ఇంకోదాని బెజ్జంలో దూర్చి, అడ్డంగా చెక్క మేకు దిగేశారు. మేకు అవతలి వైపు నుంచి తట్టగానే అతుకు వదిలేసింది. ఎక్కడా కొయ్యాల్సిన పని లేదు. తర్వాతి కాలంలో రిపేర్లకని ఇనప మేకులు దిగేసిన చోటే తిప్పలు. పైకి కనపడకుండా విరిగిపోయిన మేకులు కర్రలో ఉండిపోయాయి, వాటి మీద రంపం పెడితే రంపం పళ్ళు పోతాయి. అందుకని ప్రతి కర్ర మీదా మెటల్ డిటెక్టర్ తిప్పాకే కోతకు పంపుతున్నాం.

దూలాల్ని సుత్తితో తట్టి, సన్న స్క్రూడ్రైవరుతో గుచ్చి పరీక్షించాం. నడుమ భాగం చేవదేలి గట్టిగా ఉంది. గోడలో పాతిన చివరలు మాత్రం తేమకి మెత్తబడ్డాయి, కొన్నిటికి చెదలు. మెత్తబడిన చివరలు కోసేశాం. అంటే ప్రతి దూలమూ కాస్త పొట్టిదయింది. దీని ప్రభావం ఎంత దూరం పోయిందో కింద రాస్తాను.

ఇక గోడలు. పెద్దమేస్త్రీ గారు తాపీ మొనతో మాలు వరసలో ఒకచోట గీకారు, పలుగుతో చిన్నగా ఎత్తారు, ఇటుక చేతిలోకి వచ్చేసింది. "దీనికి యంత్రమెందుకమ్మా, ఇద్దరు తీస్తారు, ఇద్దరు గీకుతారు, ఒకరు పేరుస్తారు" అన్నారు. గోడ మొత్తం అలాగే దిగింది.

ఎందుకిలా అంటే, సున్నపు మాలు ఇటుక కంటే మెత్తన. గోడ కదిలినా, ఎవరైనా పలుగు పెట్టినా ముందు విడిపోయేది మాలే. సున్నపురాయిని 900 డిగ్రీల ప్రాంతంలో కాలిస్తే అందులోంచి బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పోయి పొడి సున్నం మిగులుతుంది. నీళ్ళు పోస్తే తడి సున్నం. గోడలోకి వెళ్ళాక అది గాల్లోంచి అదే వాయువును మెల్లగా తీసుకుంటూ మళ్ళీ సున్నపురాయి అవుతుంది. ఈ గట్టిపడటం చాలా నెమ్మదిగా జరుగుతుంది, ఎన్నేళ్ళయినా ఇటుకను మించిన గట్టితనం రాదు. కట్టేటప్పుడు తొందర ఉన్నవాడికి ఇది లోపం. విప్పేవాడికి ఇంతకంటే కావలసింది లేదు.

దిగిన ఇటుకలన్నీ ఒకటే రకం అనుకోవడానికి లేదు. ముందు రెండు ఇటుకలు ఒకదానికొకటి తాటించి చూస్తాం, కంగుమనాలి. గోరుతో గీస్తే గీత పడకూడదు. నడుము ఎత్తునుంచి నేల మీద వదిలితే విరక్కూడదు. ఇవి మేస్త్రీల పరీక్షలు, వీటితోనే చాలావరకు ఏరేస్తారు. ల్యాబ్‌కి పంపిన నమూనాలకి ఇంకో రెండు పరీక్షలు. 24 గంటలు నీళ్ళలో నానబెడితే బరువులో 20 శాతానికి మించి నీళ్ళు పీల్చకూడదు. మామూలు ఇటుకలకు ఐఎస్ 1077 అనే భారత ప్రమాణం పెట్టిన హద్దు అది. రెండోది, పళ్ళెంలో 25 మిల్లీమీటర్ల నీళ్ళు పోసి ఇటుకను నిలబెట్టి ఆరనిస్తే పైన తెల్లగా ఉప్పు ఎంత తేలుతుందో చూడటం. నేలకు దగ్గరి వరసల ఇటుకలు, బాత్రూం గోడవీ దీంట్లో తప్పాయి. పైవరసల ఇటుకల్లో ఎక్కువ భాగం నెగ్గాయి.

రాలిన పాత మాలును కూడా పారేయలేదు. జల్లెడ పట్టి, ఉప్పు పరీక్ష చేయించి, కొత్త మాలులో ఇసుకలో కొంత భాగానికి బదులుగా వాడుతున్నాం.

వెనక భాగం

ఇక్కడ వ్యవహారం వేరు. మేస్త్రీ గారు పలుగు పెట్టిన మొదటి ఇటుక మధ్యకి విరిగింది. రెండోది విరిగింది. మాలు మాత్రం చెక్కు చెదరలేదు. సిమెంటు మాలు ఇటుక కంటే గట్టిది, ఇటుకను వదలదు. "కట్టినవాడు బాగానే కట్టాడమ్మా, మనకే చేతకావట్లేదు" అని నవ్వారు.

ఇదే తలనొప్పికి కోపెన్‌హాగెన్‌లో లెండాగర్ అనే ఆర్కిటెక్టుల సంస్థ ఒక మందు కనిపెట్టింది. రిసోర్స్ రోస్ అనే ఇళ్ళ సముదాయం కోసం పాత కార్ల్స్‌బర్గ్ బీరు ఫ్యాక్టరీ వంటి కట్టడాల గోడల్ని ఇటుక ఇటుకగా విడదీయబోకుండా, దాదాపు మీటరు కొలత గల చదరాలుగా గోడనే కోసేశారు. ఆ చదరాల్ని కొత్త ఇళ్ళ ముఖభాగంలో రకరకాల రంగుల్లో పేర్చారు. ఫొటోలు చూస్తే ముచ్చటేస్తుంది. మా దగ్గర ఉన్న కొద్ది గోడ కోసం కోత యంత్రం, క్రేను తెప్పించడం మాత్రం గిట్టుబాటు కాలేదు. కాబట్టి వెనక భాగం ఇటుకంతా నలిపి నేల కింద నింపుడుగా వేస్తున్నాం. నలిపేటప్పుడు నీళ్ళు చల్లుతూనే ఉండాలి, మాస్కు లేకుండా ఎవరూ దగ్గరికి పోకూడదు. ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లోకి వెళ్తే తిరిగి రాదు.

వరండా గర్డర్ల విషయంలో కొంత అదృష్టం. కింద బోల్టులు, పైన వెల్డింగ్. బోల్టులు తుప్పుపట్టినా నూనె పోసి, మర్నాడు విప్పితే వచ్చాయి. వెల్డింగ్ వైపు గ్యాస్ కటర్‌తో కోయాల్సి వచ్చి జానెడు పొడవు పోయింది. పాత ఉక్కును మళ్ళీ కట్టడంలో వాడటానికి బ్రిటన్‌లో స్టీల్ కన్‌స్ట్రక్షన్ ఇన్‌స్టిట్యూట్ 2019లో పీ427 అనే పద్ధతి ప్రచురించింది. 1970 తర్వాతి కట్టడాల ఉక్కుకే అది వర్తిస్తుంది. ఒకే రకం ముక్కల్ని గుంపులుగా విడదీసి, కొలిచి, గట్టితనం పరీక్ష చేసి, కొన్నిటిలోంచి చిన్న ముక్క కోసి లాగి తెంపి చూడాలి. మా ఇంజనీరు అదే వరస పాటించి సంతకం పెట్టారు. ఆయన సంతకం లేకుండా ఎంత మంచి గర్డరైనా తుక్కే.

స్లాబ్‌లోని ఊచలకు అలాంటి అవకాశం ఇవ్వలేదు. బ్రేకర్ దెబ్బలకి వంకరపోయాయి. వంచి, నిటారు చేసి, మళ్ళీ వంచిన ఊచ ఎక్కడ పెళుసుబారిందో కంటికి తెలియదు. అన్నీ కరగడానికి పోయాయి. అదీ చిన్న లాభమేం కాదు: ఖనిజం నుంచి బ్లాస్ట్ ఫర్నేస్‌లో టన్ను ఉక్కు తీస్తే సుమారు 2.3 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. తుక్కును కరెంటు కొలిమిలో కరిగిస్తే సుమారు 0.7 టన్నులు. అయినా ఉన్న గర్డర్‌ను ఉన్నట్టు పైకెత్తి బిగించడంతో పోలిస్తే అది కూడా ఎక్కువే.

కంకర

స్లాబు కాంక్రీటుతో ఎక్కువ కుస్తీ పట్టింది ఇక్కడే.

మొదటి నియమం: కాంక్రీటును ఇటుకతో, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ సీలింగుతో కలవనివ్వకూడదు. సీలింగు ముక్కల్లోని జిప్సం కొత్త కాంక్రీటులోకి వెళ్తే సల్ఫేటు వల్ల అది లోపల్నుంచి ఉబ్బి పగులుతుంది. అందుకే సీలింగులు ముందే ఊడదీసి వేరే కుప్ప పోశాం. స్లాబు ముక్కల్ని క్రషర్‌లో వేసి, ఊచ తునకల్ని అయస్కాంతంతో తీసి, 20, 10, 4.75 మిల్లీమీటర్ల జల్లెడలు పట్టాం. 4.75 కింద రాలిన పొడిని కాంక్రీటుకి వాడటం లేదు. అందులో పాత సిమెంటు పేస్టు ఎక్కువ, నీళ్ళు తాగేస్తుంది. అది గచ్చు కింద పరుపులోకి.

చేతిలోకి తీసుకుని చూస్తే ఈ కంకర రాయిలా ఉండదు. ప్రతి ముక్క చుట్టూ పాత మాలు అంటుకుని ఉంటుంది, దాన్నిండా సన్నటి రంధ్రాలు. మామూలు కంకర బరువులో ఒక శాతం అటూ ఇటుగా నీళ్ళు పీలుస్తుంది. ఇది ఐదు శాతం పైనే పీల్చింది. పొడిగా మిక్సర్‌లో వేస్తే కలిపిన నీళ్ళన్నీ తనే తాగేసి, కాంక్రీటు పోసేలోపు బిగుసుకుపోతుంది. కూలీలు సహజంగానే ఇంకో బకెట్టు నీళ్ళు పోస్తారు, బలం పడిపోతుంది. అందుకని ముందు రోజే కంకర తడిపి, పైన గోనె సంచులు కప్పి, పోసే ముందు పైతడి ఆరనిస్తున్నాం. నీళ్ళు కూడా రెండు విడతలుగా కలుపుతున్నాం: ముందు కంకర, ఇసుక, సగం నీళ్ళు, ఆ తర్వాత సిమెంటు, చివర మిగిలిన నీళ్ళు. సగం నీళ్ళతోనే కలిసినప్పుడు సిమెంటు పేస్టు చిక్కగా ఉండి కంకర మీది రంధ్రాల్ని పూడుస్తుంది. హాంకాంగ్‌లో పరిశోధకులు 2000ల మధ్యలో తేల్చిన పద్ధతి ఇది. మిక్సర్ నడిపే కుర్రాడు మొదట విసుక్కున్నాడు గానీ, స్లంప్ (తడి కాంక్రీటు ఎంత జారుతుందో చెప్పే కొలత) నిలకడగా వస్తుందని చూశాక తనే వరస తప్పనివ్వట్లేదు.

ఎంత వాడొచ్చు? కంకర, ఇసుకల ప్రమాణం ఐఎస్ 383 2016 కూర్పు ప్రకారం ఎం25 (ఎం పక్క అంకె కాంక్రీటు బలాన్ని చెబుతుంది) లేదా అంతకు తక్కువ గ్రేడు ఆర్‌సీసీలో మొత్తం కంకరలో 20 శాతం వరకు, ఊచలు లేని కాంక్రీటులో 25 శాతం వరకు, ఎం15 కంటే తక్కువ లీన్ కాంక్రీటులో, అంటే సిమెంటు తక్కువ వేసేదాంట్లో, 100 శాతం. గోడల మీద వచ్చే బెల్టు బీము ఎం20, కాబట్టి అందులో 20 శాతం. మిగిలిందంతా చుట్టూ నడవ కింద లీన్ కాంక్రీటులోకి.

ఇక్కడ ఒక విషయం రాసుకోవాలి, ఎందుకంటే సైటు చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఈ కంకర కుప్ప దగ్గరే నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. పాత కంకర వాడితే కొండ తవ్వడం తగ్గుతుంది, చెత్త దిబ్బలు తగ్గుతాయి. కార్బన్ మాత్రం పెద్దగా తగ్గదు. కాంక్రీటులో కార్బన్‌కి కారణం రాయి కాదు, సిమెంటు. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడులో 7 నుంచి 8 శాతం సిమెంటుదే. బట్టీని 1450 డిగ్రీలకు తీసుకెళ్ళే ఇంధనం అందులో ఒక వంతు. అంతకంటే ఎక్కువ, అంటే సుమారు 60 శాతం, సున్నపురాయి కాలినప్పుడు దానిలోంచే వస్తుంది. ఇంధనం మార్చినా ఆ భాగం పోదు. పాత కంకర బలం తక్కువని భయపడి ఇంకో బస్తా సిమెంటు ఎక్కువ వేస్తే కార్బన్ లెక్కలో మొదటికే మోసం.

కాబట్టి అసలు ఆదా సిమెంటులోని క్లింకర్‌ను, అంటే ఆ బట్టీలో కాలి వచ్చే గడ్డల్ని, తగ్గించడంలో ఉంది. మేం స్టీల్ ప్లాంట్ల స్లాగ్ (కొలిమిలో మిగిలే చిట్టెం) కలిసిన సిమెంటు వాడుతున్నాం. ఇంకో దారి ఎల్‌సీ3 అనే సిమెంటు: సగం క్లింకర్, మిగతాది కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి, కాస్త జిప్సం. కార్బన్ 30 నుంచి 40 శాతం తగ్గుతుంది, బంకమట్టిని క్లింకర్ కంటే చాలా తక్కువ వేడిలో కాలిస్తే చాలు. ఈ విడతకి అది మాకు అందలేదు.

శాతం గొడవ

పనిచేయించేవారికి రిపోర్టు కావాలి, రిపోర్టులో ఒకే ఒక అంకె కావాలి: ఎంత శాతం తిరిగి వాడారు?

బరువు లెక్కన చూస్తే మా అంకె అదిరిపోతుంది. నలిపిన ఇటుక, కాంక్రీటు పొడి, అన్నీ నేల కిందికి పోయాయి, అన్నీ 'వాడినట్టే'. టేకు మొత్తం బరువు ఆ రద్దు (కూల్చగా వచ్చిన ముక్కల కుప్ప) పక్కన ఏపాటి? దూలాలన్నీ తగలబెట్టేసినా మా శాతం పెద్దగా తగ్గదు. అంకె ఇలా తయారైతే ఎవరు మాత్రం దూలాన్ని జాగ్రత్తగా విప్పుతారు? యూరోపియన్ యూనియన్ 2008లో పెట్టుకున్న లక్ష్యం, నిర్మాణ వ్యర్థాల్లో 2020కల్లా 70 శాతం తిరిగి వాడాలన్నది, అందులోనూ గుంతలు పూడ్చడం లెక్కలోకి వస్తుంది. కాగితం మీద చాలా దేశాలు ఆ అంకెను దాటేశాయి.

అందుకని మేం ఒక్క అంకె ఇవ్వలేదు. నాలుగు వరసల పట్టిక ఇచ్చాం: కదలకుండా ఉన్నచోటే ఉన్నవి, అదే పనికి మళ్ళీ వాడినవి, తక్కువ పనికి దిగిపోయినవి, బయటికి పోయినవి. మీటింగ్‌లో కాసేపు గొణుగుడు నడిచింది. తర్వాత ఒప్పుకున్నారు. మూడో వరసే అన్నిటికంటే లావుగా ఉంది, ఉండనిచ్చాం.

డిజైన్ తలకిందులైంది

మామూలుగా ముందు గది కొలత వస్తుంది, దానికి తగిన దూలం తెప్పిస్తాం. ఇక్కడ దూలాలు కోసి, పరీక్షించి, పొడవుల జాబితా ఆర్కిటెక్టుకి పంపాం. ఆవిడ ముందు గీసిన గది వెడల్పుకి పొడవు సరిపోయే దూలాలు నాలుగే ఉన్నాయి. రెండు ముక్కలు కలిపి ఇనుప ప్లేట్లతో బిగించొచ్చా అని చర్చ నడిచింది. చివరికి ఆవిడ గదినే మార్చేశారు: మధ్యలో పుస్తకాల బీరువాల వరస, దాని మీదుగా పాత గర్డర్ ఒకటి, రెండు వైపులా పొట్టి దూలాలు. బాగుంది. నిజానికి ముందు డ్రాయింగు కంటే బాగుంది.

జపాన్‌లోని ఇసే దేవాలయాన్ని 20 ఏళ్ళకోసారి కొత్తగా కడతారు, చివరిసారి 2013లో జరిగింది. దిగిన కర్రను వృథా కానివ్వరు. ప్రధాన మందిరంలో దూలాన్ని మోసిన పెద్ద స్తంభాలు ఉజి వంతెన చివర్ల తోరణాలవుతాయి, మిగతా కర్ర ఇతర ఆలయాలకు పోతుంది. ప్రతి జన్మలోనూ కర్ర కాస్త చిన్నదవుతుందని ముందే తెలిసి చేసుకున్న ఏర్పాటు అది. మా దూలాల చివర్లు కోసిన తునకల్ని కిటికీ చట్రాలకి పెట్టుకున్నాం, వాటిలో మిగిలినవి షెల్ఫు బ్రాకెట్లకి.

గోడలు లేస్తున్నాయి

పాత ఇటుక, సున్నపు మాలు. సిమెంటు వేస్తే వారంలో గోడ అయిపోతుందని అడిగినవాళ్ళకి జవాబు వెనక భాగం రద్దు కుప్పలో ఉంది. ఇంకో కారణం కూడా ఉంది. పాత ఇటుక మెత్తన. చుట్టూ గట్టి సిమెంటు మాలు వేస్తే లోపలి తేమ మాలు గుండా బయటికి పోలేక ఇటుక గుండానే పోతుంది, ఉప్పు ఇటుక ముఖం మీద పేరుకుని పెచ్చులూడుతుంది.

సున్నానికి ఇచ్చుకోవాల్సిన మూల్యం ఉంది. గోడ మందం పెరిగింది. ఒకేసారి ఎత్తుగా లేపకూడదు, కింది వరసలు బరువుకి జారతాయి. తడి ఆరనివ్వకూడదు, అలాగని గాలి తగలకుండా కప్పేయకూడదు. భూకంపం వస్తే సున్నపు గోడ ఒక్కటే నిలబడదని మా ఇంజనీరు గట్టిగా చెప్పారు, అందుకే చుట్టూ ఆర్‌సీసీ బెల్టు. విప్పేవాడికి అది అడ్డమే. అయినా మనుషులు కూర్చునే గది కదా, ఆ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. బెల్టు కింద మాత్రం సున్నపు మాలు వరసే వేశాం, రేపు బెల్టును పొడవు ముక్కలుగా కోసి ఎత్తేస్తే కింది ఇటుకలు చెడకుండా దిగుతాయి.

అతుకులు

దూలాలు, గర్డర్లు అన్నీ బోల్టులతోనే, వాషర్లు పెద్దవి, నట్లు చేతికి అందేవైపు. పైఅంతస్తు నేల పలకలకి మేకులు లేవు, మరలే. తలుపు చట్రాల్ని గోడలోకి సిమెంటుతో పూడ్చలేదు, క్లాంపులకి బిగించాం.

2017లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో డచ్ డిజైన్ వారోత్సవానికి పీపుల్స్ పెవిలియన్ అనే మంటపం కట్టారు. బ్యూరో ఎస్ఎల్ఏ, ఓవర్‌ట్రేడర్స్ డబ్ల్యూ అనే రెండు సంస్థల పని. కర్ర, అద్దం, కాంక్రీటు స్తంభాలు అన్నీ అరువు తెచ్చినవే. వాడి తిరిగి ఇచ్చేయాలి కాబట్టి ఎక్కడా రంధ్రం పెట్టలేదు, రంపం పెట్టలేదు, జిగురు వాడలేదు. బిగించే పట్టీలతో కట్టేశారు. కొద్దిరోజుల మంటపానికి సరే, గ్రంథాలయానికి అంత పట్టింపు కుదరదు. టాయిలెట్ల నేల దగ్గర మేం కూడా ఓడిపోయాం. వాటర్‌ప్రూఫింగ్ పొర అతుక్కుంటే తప్ప పనిచేయదు, దాని మీది టైల్సు మళ్ళీ ఊడి రావు. చేయగలిగిందల్లా ఆ తడి భాగాన్ని ఒక మూలకి కుదించడం.

రిజిస్టరు, మిగిలిన పనులు

థామస్ రౌ అనే ఆర్కిటెక్టు ఆలోచనలోంచి 2017లో నెదర్లాండ్స్‌లో మడాస్టర్ అనే రిజిస్ట్రీ మొదలైంది. భవనంలో ఏ వస్తువు ఎక్కడ, ఎంత, ఎలా బిగించి ఉందో నమోదు చేసే చోటు అది. మాకంత పెద్ద ఏర్పాటు లేదు, ఒక స్ప్రెడ్‌షీటు ఉంది. జాబితా రోజుల నాటి గడులే, మూడో గడిలో ఇప్పుడు బోల్టు సైజు, ఏ పానా పడుతుంది, ఏ వైపు నుంచి విప్పాలి అన్నవి కూడా చేర్చాం. ఫైలు పోతే పని పోతుంది కాబట్టి ఒక ప్రింటు లామినేషన్ చేయించి కరెంటు ప్యానెల్ పక్కన బిగిస్తాం. పాత దూలాల రేకు నంబర్లు అలాగే ఉంచాం, కొత్త రిజిస్టరులోనూ అవే నంబర్లు.

ఈ వారం గొడవ ఎలక్ట్రీషియన్‌తో. గోడలు గాడి కొట్టి వైర్ల పైపులు లోపల పూడుస్తానంటాడు, అలవాటైన పని. ఫ్రాంక్ డఫీ అనే బ్రిటిష్ ఆర్కిటెక్టు 1970ల్లోనే చెప్పాడు, భవనం అంటే ఒకటి కాదు, వేర్వేరు ఆయుష్షులున్న పొరలని. గోడ తరాలు ఉంటుంది, వైరింగ్ పదిహేను ఇరవై ఏళ్ళకే మారుతుంది. వైరు మార్చడానికి గోడ చీల్చే పరిస్థితి మేమే తెచ్చిపెట్టుకోకూడదు. చివరికి పైపులు గోడ మీదే వస్తున్నాయి, నిటారుగా, వరసగా, కనపడేలా. మొదట నామోషీగా చూసినవాడు ఇప్పుడు బెండులు ఎంత నీటుగా తిప్పాడో అందరికీ చూపిస్తున్నాడు. క్లాంపుల రంధ్రాలు ఇటుకలో పడకుండా మాలు వరసల్లోనే పడేలా మార్కింగ్ ఇచ్చాం.

బెల్టు బీము కాంక్రీటుతో పోసిన క్యూబుల 28 రోజుల బలం పరీక్ష ఫలితం రావాలి. పెంకుల్లో పగిలినవాటికి సరిపడే కొలతవి ఇంకా దొరకలేదు. దొరక్కపోతే వెనక వైపు వాలుకి కొత్తవి వేసి, ముందు వైపంతా పాతవే సర్దుతాం. కిటికీ రెక్కలు రంగు గీకుడు దగ్గరే ఆగాయి. రేపు మెట్ల పక్క గోడకు క్లాంపులు.